తొట్టిలో మిగిలిన పిల్ల

కుళాయిల మేస్త్రీ ఇంట్లోనే కుళాయిలు కారుతున్నాయంటే ఎవరు మాత్రం నవ్వరు? పోనీ ఒకటైతే సరిపెట్టుకోవచ్చు. వంటింట్లో గిన్నెలు కడిగేది, స్నానాలగదిలో బేసిన్ మీదది, దాని పక్కన షవర్, పెరట్లో చీపుళ్ళు కడిగే కుళాయి, అన్నీ కారేవి. ధారగా కాదు. ఒక బొట్టు, కాస్త ఆగి ఇంకో బొట్టు. మేస్త్రీ మొదట వాషర్లు మార్చాడు, తర్వాత ఏకంగా కుళాయిలే మార్చాడు. పొద్దున గట్టిగా బిగించి పనికి వెళ్తే సాయంత్రం తిరిగొచ్చేసరికి మళ్ళీ అదే చప్పుడు. ఆ చుట్టుపక్కల సగం ఇళ్ళ గొట్టాలు ఆయన చేతిమీదుగా వెళ్ళినవే. ఏ ఇల్లూ ఆయన్ని ఇన్ని ముప్పుతిప్పలు పెట్టలేదు. సొంతింటికి తనంటే మరీ లోకువైపోయిందని ఆయన గొణుక్కుంటుంటే భార్య నవ్వేది. అది మొదట్లో.

తర్వాత తువ్వాళ్ళు మాయమవడం మొదలైంది. ఆమె పనిచేసేది పెద్దాస్పత్రి బట్టల గదిలో. దుప్పట్లు, గలేబులు, రోగుల గౌన్లు మిషన్లోంచి వేడివేడిగా వస్తే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, కొసకి కొస కలిపి, దులిపి, మడతపెట్టి పై అంతస్తులకి పంపాలి. అక్కడ ఇన్నేళ్ళు చేశాక ఇంట్లో ఒక గుడ్డముక్క అటునుంచి ఇటు జరిగినా ఆమెకి తెలిసిపోతుంది. వెతగ్గా వెతగ్గా ఒక తువ్వాలు స్నానాలగది తూము పక్కన దొరికింది. పొడిగా ఉంది. అచ్చం ఆమె మడతపెట్టినట్టే అంచులు లోపలికి పెట్టి మడిచి ఉంది. దాని మీద సగానికి తుంచిన రొట్టె. ఇంకో తువ్వాలు పెరటి కుళాయి పక్కన రాయి మీద ఉంది. ఎవరో తడిసి వస్తారని, వస్తే తుడుచుకోవాలని, తుడుచుకున్నాక ఆకలేస్తుందని ఎవరో ముందే ఆలోచించి పెట్టినట్టుంది. ఆ పూట ఆమెకి నవ్వు రాలేదు.

ఇంట్లో ఉన్నది ముగ్గురే. ఆమె, మేస్త్రీ, ఏడాది కిందట దొరికిన పిల్ల.

దొరికిందనే అనాలి మరి. వాళ్ళ కడుపు పండాలని చర్చి సంఘంలో ప్రార్థన చెయ్యని నోరు లేదు. ఆ ప్రార్థనలు విని విని దేవుడికే విసుగొచ్చి ఉంటుందని మేస్త్రీ అక్కగారు ఒకసారి అననే అంది. ఆవిడ పాటల గుంపులో ముందు వరసలో నిలబడుతుంది, అందుకని దేవుడి మనసులో మాట తనకే ముందు తెలుస్తుందని నమ్మకం. చివరికి సముద్రాలకవతల ఏదో దేశంలో పిల్లల్ని పెంచే ఇల్లు ఒకటుందని, అక్కడ ఒక ఆడపిల్ల ఉందని తెలిసింది. కాగితాలు తిరిగాయి, ఆఫీసులు తిరిగారు, కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చున్నారు, ఆఖరికి విమానం ఎక్కారు. తీరా చూస్తే పిల్లకి ఆరేళ్ళుంటాయి. పొట్టి జుట్టు, పెద్ద చెవులు. ఆ ఇంటి గేటు దాటేటప్పుడు ఒక్కసారి వెనక్కి తిరగలేదు, కంటతడి పెట్టలేదు. ఎంత బుద్ధిమంతురాలో అని ఆదివారం సాక్ష్యంలో మొగుడూ పెళ్ళాలు పొంగిపోతూ చెప్పుకున్నారు. మమ్మీ, డాడీ అని పిలవమంటే అలాగే పిలిచింది. ‘అమ్మ’ అనే మాట మాత్రం నోట రానిచ్చేది కాదు. అది ఇంకెవరికోసమో దాచుకుందని అప్పుడు వాళ్ళకి తట్టలేదు.

పిల్లకి అక్కడ పెట్టిన పేరు చిన్నదే. కానీ మధ్యలో ఒక శబ్దం ఉంది. నాలుక వెనక్కి మడిచి, ఊపిరి బిగబట్టి, ఒక్కసారిగా వదలాలి. మేస్త్రీకి అది పట్టుబడలేదు. ఆమెకీ పట్టుబడలేదు. కొన్నాళ్ళు తంటాలు పడి, బాప్తిస్మంలో ఎలాగూ బైబిలు పేరు పెట్టుకుంటాం కదా అని ఊరుకున్నారు.

ఆ బాప్తిస్మం దగ్గరే వచ్చింది చిక్కంతా. పిల్లకి ఇంకా ఊహ రానివ్వండి, తొందరేముందని పాస్టరు గారు మెల్లిగా అన్నారు. ఆ సంఘంలో పసిపిల్లలకి బాప్తిస్మం ఇచ్చే అలవాటు లేదు. తమంతట తాము ఒప్పుకుని ముందుకొచ్చిన వాళ్ళకే ఇస్తారు. కానీ మేస్త్రీ సంఘ పెద్ద. పైగా ప్రసంగ వేదిక ముందు నేలలో ఉన్న బాప్తిస్మం తొట్టి ఆయన చేతుల్తో కట్టింది. మనిషి నిలబడితే ఛాతీదాకా నీళ్ళు వచ్చేంత లోతు, దిగడానికి మెట్లు, అడుగున తూము, పైన మూతలా పరిచే చెక్కపలకలు. ఎందరెందరో ఆ నీళ్ళలో మునిగి లేచారు, సొంత పిల్ల ఒక్కతీ మునగలేదని ఆయనకి వెలితి. ఆమెకి కూడా తొందరగానే ఉంది. ఎందుకో ఆమె ఎవరికీ చెప్పలేదు, తనకి తానూ చెప్పుకోలేదు. పాస్టరు గారు ఎవరి మాటా కాదనలేని మనిషి.

పిల్ల చలికి వణక్కుండా మేస్త్రీ నీళ్ళు గోరువెచ్చగా కాచి నింపాడు. ఆమె తెల్లగౌను కుట్టింది. పిల్ల భాష తెలిసిన దుబాసి ఒకావిడ ఉంది, ఆ దేశంనుంచే పెళ్ళి చేసుకొచ్చి ఇక్కడ దర్జీ కొట్లో పనిచేస్తోంది. ఆవిడ తొట్టి అంచున నిలబడింది. పాస్టరు గారు ఎప్పుడూ చెప్పేదే చెప్పారు. ఈ నీళ్ళు సమాధిలాంటివి అన్నారు. లోపలికి దిగే పాత మనిషి ఇక్కడే చచ్చిపోయి పాతిపెట్టబడుతుంది, పైకి లేచేది వేరే మనిషి, ఆ కొత్త మనిషికి కొత్త పేరు, కొత్త ఇల్లు, ఇదుగో ఈ అమ్మానాన్నలు అన్నారు. నీకు సమ్మతమేనా అని అడిగారు. పిల్ల చాలాసేపు నీళ్ళలోకి చూసి దుబాసితో రెండు మాటలు మాట్లాడింది. సరేనంటోందని దుబాసి చెప్పింది. సంఘమంతా స్తోత్రం అంది.

ఆ మధ్యాహ్నం అందరూ వెళ్ళాక మేస్త్రీ తూము బిరడా లాగాడు. నీళ్ళు దిగిపోతుంటే పిల్ల అంచున నిలబడి చూసింది. ఆఖరి నీళ్ళు సుడి తిరుగుతూ, ఎవరో గొంతులో గులకరాళ్ళు వేసుకున్నట్టు చప్పుడు చేస్తూ లోపలికి పోయాయి. పద తల్లీ ఇంటికి పోదామని ఆయన చెయ్యి చాపాడు. పిల్ల రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. ఆనాటినుంచి ఆయన చేతికి అందలేదు.

డాడీ అని పిలవడం మానేసింది. ఆయన గదిలోకొస్తే గోడవారగా బయటికి జారుకునేది. స్నానం చెయ్యమంటే తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకునేది తప్ప షవర్ కింద నిలబడేది కాదు. ఆదివారం ప్రసంగం మొదలవగానే బెంచీ మీంచి దిగి, వేదిక ముందు పలకల మీద బోర్లా పడుకుని, చెవి ఆనించి వినేది. అయ్యగారి మాటలు దగ్గర్నుంచి వినాలని ఎంత భక్తో అని ఆడవాళ్ళు ముచ్చటపడ్డారు. ఒక ఆదివారం పాటకీ పాటకీ మధ్య నిశ్శబ్దంలో పిల్ల వేలి కణుపుతో పలక మీద తట్టింది. ఆగి మళ్ళీ తట్టింది. ఆగిన ఆ కాస్సేపూ కిందినుంచి జవాబు కోసం ఎదురుచూస్తోందని ఆమెకి అనిపించింది.

మేస్త్రీ అక్కగారు ఇది దయ్యం పనేనని తేల్చేసింది. ఎక్కడెక్కడి గాలో పిల్లతో పాటు విమానమెక్కి వచ్చిందట, గట్టిగా ప్రార్థన పెట్టి వెళ్ళగొట్టాలట. దయ్యానికి టిక్కెట్ ఎవరు కొన్నారక్కా అని మేస్త్రీ అడిగాడు కానీ, ఆ హాస్యంలో పస లేదు. ఆయన ఈమధ్య సరిగ్గా తినడంలేదు. పిల్ల మిగిల్చిన కంచం వంక చూస్తూ కూర్చునేవాడు.

దత్తత ఆఫీసు ఆవిడ రావడంతో అసలు భయం పట్టుకుంది. మొదటి రెండేళ్ళూ అప్పుడప్పుడు వచ్చి పిల్ల ఎలా ఉందో చూసిపోవడం ఆవిడ ఉద్యోగం. మంచిదే పాపం, కాని కళ్ళు సూదులు. ఆవిడ ముందే మేస్త్రీ పిల్లకి బిస్కెట్ ఇవ్వబోయాడు. పిల్ల వెనక్కి గెంతి, తల గోడకి కొట్టుకుంది. ఆవిడ వెళ్ళేటప్పుడు ఆమెని గుమ్మం బయటికి పిలిచి, తండ్రి పిల్లని ఎప్పుడైనా ఏమైనా చేశాడా అని అడిగింది. నెలాఖరుకి మళ్ళీ వస్తానని, అప్పటికీ ఇలాగే ఉంటే పిల్లని కొన్నాళ్ళు వేరేచోట ఉంచాల్సి వస్తుందని ఆవిడ చెప్పింది. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో ఆమెకి తెలుసు. మేస్త్రీ తలుపు వెనకే ఉన్నాడు, అంతా విన్నాడు. ఆ సాయంత్రం పెరట్లో కూర్చుని, కారుతున్న కుళాయిని బిగించకుండా ఊరికే చూస్తూ ఉండిపోయాడు.

ఆ వారంలోనే ఒకరోజు ఆస్పత్రిలో బట్టల మిషను ఆగిపోతే అందర్నీ పెందలాడే ఇంటికి పంపేశారు. ఆమె వచ్చేసరికి పిల్లకి కాపలాగా ఉన్న ఆడపడుచు ముందుగదిలో కుర్చీలో కునుకుతోంది. స్నానాలగది తలుపు ఓరగా వేసి ఉంది. లోపల పిల్ల గొంతు. తన పాత భాషలో, మెల్లిగా, బుజ్జగిస్తున్నట్టు మాట్లాడుతోంది. కాసేపు మాట్లాడి ఆగుతోంది. వింటోంది. మళ్ళీ మాట్లాడుతోంది. ఆమె సందులోంచి చూసింది. పిల్ల మోకాళ్ళ మీద వంగి, తూము జల్లెడకి నోరు ఆనించి ఉంది. బేసిన్ కుళాయిని రెండు వేళ్ళతో, ఎంతో జాగ్రత్తగా, ఒక్క బొట్టు పడేంత మటుకు తిప్పి ఉంచింది. అప్పుడు తూములోకి ఒక పేరు పిలిచింది. మధ్యలో ఊపిరి బిగబట్టి వదిలే శబ్దం ఉన్న పేరు.

అది ఈ పిల్ల సొంత పేరే. ఆమె చేతిలో సంచీ జారి కిందపడింది.

పిల్ల బెదరలేదు. దొరికిపోయినందుకు ఊరట పడ్డట్టే చూసింది. ఆమె పక్కనే తడినేల మీద కూలబడి, ఎవర్ని పిలుస్తున్నావు తల్లీ అని అడిగింది.

"ఆ పిల్లని" అంది పిల్ల.

"ఏ పిల్లని?"

"నీళ్ళలో చచ్చిపోయిన పిల్లని. అయ్యగారు ముంచారు. డాడీ గొట్టంలోకి వదిలేశాడు. గొట్టాలన్నీ కలిసే ఉంటాయని డాడీయే చెప్పాడు. కుళాయి తీసి ఉంచితే దారి తెలుస్తుంది కదా."

ఆమె ఏదో అనబోయింది. పిల్ల ఆగలేదు. ఇన్నాళ్ళూ కొత్త భాషలో మాటలు కూడబెట్టుకున్నది దీనికోసమేనన్నట్టు ఒక్కో మాటే పేర్చుకుంటూ చెప్పింది.

"నేను సరే అన్నాను మమ్మీ. చచ్చిపోతుంది, సరేనా అన్నారు. సరే అన్నాను. అందుకే నాకు ఇల్లొచ్చింది." కుళాయినుంచి ఇంకో బొట్టు పడితే దానికేసి చూసింది. "ఏడవకుండా ఉంటే వచ్చి తీసుకెళ్తానని అక్కడ వదిలేటప్పుడు అమ్మ చెప్పింది. ఏడవలేదు. అమ్మ వస్తుంది. వస్తే ఆ పిల్ల ఏదీ అంటుంది. నేను ఆ పిల్లని కాదు కదా. అమ్మకి ఏం చెప్పను?"

ఆమె దర్జీ కొట్టుకి పరుగున వెళ్ళింది. దుబాసి మొదట నవ్వబోయింది, ఆమె మొహం చూసి మిషను ఆపేసింది. తనకి దేవుడి సంగతులు అంతగా తెలియవని, పాస్టరు గారు చచ్చిపోతుందంటే చచ్చిపోతుందనే, పాతిపెడతారంటే పాతిపెడతారనే చెప్పానని, ఒక్క మాట అటూ ఇటూ మార్చలేదని చెప్పింది. తర్వాత గుడ్డలోంచి గుండుసూదులు తీస్తూ, తలెత్తకుండా ఇంకోటి చెప్పింది.

"సరే అనేముందు ఆ పిల్లకి నొప్పి పుడుతుందా అని అడిగిందమ్మా. పిల్లలు తమ గురించి అలా అంటారు కదా అనుకున్నాను. పుట్టదులే అన్నాను. అప్పుడు సరే అంది."

సంగతి వింటూనే మేస్త్రీ మంచం మీద కూర్చుండిపోయాడు. ‘బిరడా నేనే లాగాను’ అని ఆ ఒక్క ముక్కే తిప్పి తిప్పి అన్నాడు. కానీ ఆయన పనివాడు. ఎక్కడైనా నీళ్ళు ఆగితే మూత విప్పి చూపిస్తే సరిపోతుందని ఆయన నమ్మకం. మర్నాడే పిల్లని, ఆమెని చర్చికి తీసుకెళ్ళి, పలకలన్నీ ఎత్తి పక్కన పెట్టి, చూడు తల్లీ, ఎవరూ లేరు, ఎండిపోయి ఉంది అన్నాడు. పిల్ల మెట్లు దిగింది. గోడలు తడిమింది. మూలలు చూసింది. ఆమె గుండె కుదుటపడుతోందనుకునేలోపు పిల్ల తూము మీద పడి, జల్లెడ ఊడబెరకడం మొదలుపెట్టింది. గోళ్ళు విరిగి రక్తం వచ్చినా వదల్లేదు. అంతదాకా గొట్టాల్లో తిరిగి తిరిగి తొట్టికే చేరి ఉంటుందనుకుంది, ఇప్పుడు ఇక్కడ కూడా లేదు. ఎన్నో వారాల తర్వాత మేస్త్రీ మొహంలోకి సూటిగా చూసి అడిగింది, ఈ గొట్టం ఎక్కడికి పోతుందని. గొట్టాల విషయంలో అబద్ధమాడటం ఆయనకి చేతకాదు. వీధి కాలవలోకి, అక్కడినుంచి పెద్ద కాలవలోకి, ఏట్లోకి, సముద్రంలోకి అని చెప్పేశాడు. పిల్ల మెట్టు మీద కూర్చుని మొట్టమొదటిసారి ఏడ్చింది. వెక్కిళ్ళ మధ్య పాత భాషలో ఎవరికో క్షమాపణ చెప్పుకుంటున్నట్టు అదే మాట మళ్ళీ మళ్ళీ అంది. ఏడిస్తే ఇక అమ్మ రాదు. అదీ తెలిసే ఏడ్చింది.

ఏడుపు విని పాస్టరు గారు లోపలి గదిలోంచి వచ్చారు. ఆమె జరిగిందంతా చెప్పి, బాప్తిస్మాన్ని వెనక్కి తీసుకునే దారేదైనా ఉందా అని అడిగింది. అలాంటిది లేదమ్మా అన్నారాయన. తర్వాత కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"ఇన్నేళ్ళుగా ఈ మాటే చెబుతున్నాను. పాత మనిషి చచ్చిపోయింది అని. నిజంగా నమ్మింది ఈ పిల్లొక్కతే."

ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదు, మర్నాడు పనిలో మనసు నిలవలేదు. దుప్పటి కొసలు పట్టుకుని ఎదుటి మనిషి దగ్గరికి నడుస్తూ, వెనక్కి నడుస్తూ, ఇన్నాళ్ళూ తనకి తాను చెప్పుకోనిది చెప్పుకుంది. ఆ పేరు పలకడం రాకపోవడం నిజమే. కానీ రావాలని ఆమె కోరుకోలేదు కూడా. ఆ పేరు పెట్టింది ఇంకో ఆడమనిషి. ఆ పేరుతో పిలిస్తే పలికే పిల్ల ఆ మనిషి కూతురు. బాప్తిస్మం రోజు నీళ్ళలోకి ఆ పేరు మునిగిపోతే అమ్మయ్య అనుకుంది. ఆ పిల్ల పోవాలని అందరికంటే గట్టిగా కోరుకున్నది తనే. పాస్టరు గారిది మాట, మేస్త్రీది చెయ్యి, కోరిక మాత్రం తనది. మిషన్ల రొద మధ్య ఆమె దుప్పట్లో మొహం దాచుకుని ఏడ్చింది. ఎదుటి మనిషి కొసలు పట్టుకుని అలాగే నిలబడింది.

ఇంటికొచ్చి మొగుడితో, తొట్టి మళ్ళీ నింపండి అంది. ఎందుకని ఆయన అడగలేదు. చన్నీళ్ళే నింపమంది.

మధ్యాహ్నం వేళ చర్చి ఖాళీగా ఉంది. బెంచీల మీద కిటికీ ఎండ పడుతోంది. మేస్త్రీ తొట్టి నింపి, బిరడా గొలుసు చివర పట్టుకుని పిల్లకి దూరంగా ఆగి, గొలుసుని నేలమీద పెట్టి పిల్లవైపు నెట్టాడు. ఇది నీ దగ్గర ఉంచుకో, నువ్వు చెప్పందే ఒక్క చుక్క కూడా వదలను అన్నాడు. పిల్ల గొలుసు అందుకుని అరచేతికి చుట్టుకుంది. రెండో చంకలో పొడి తువ్వాలు ఉంది.

ఆమె పనిబట్టల్తోనే మెట్లు దిగింది. నీళ్ళు ఛాతీదాకా వచ్చేసరికి పళ్ళు టకటక కొట్టుకున్నాయి. ఆమెకి చిన్నప్పటినుంచీ నీళ్ళంటే భయం. తన బాప్తిస్మం రోజున కూడా కళ్ళు మూసుకుని ఇద్దరి చేతులు పట్టుకుని మునిగిన మనిషి.

పిలిచింది. పేరు తప్పు వచ్చింది. అంచున నిలబడ్డ పిల్ల తల అడ్డంగా ఊపి, మెల్లిగా పలికి చూపించింది. ఆమె మళ్ళీ పిలిచింది. మళ్ళీ తప్పే. పిల్ల చిన్నపిల్లకి చెప్పినట్టు ఓపిగ్గా, నోరు తెరిచి, నాలుక ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది. ఎన్నిసార్లు పిలిచిందో ఆమెకే తెలీదు. గొంతు బొంగురుపోయింది. చలికి పెదాలు బిగుసుకుపోతుంటే, ఊపిరి బిగబట్టి వదిలేచోట నిజంగానే ఊపిరి అందక ఆగింది, అప్పుడొచ్చింది ఆ శబ్దం. ఖాళీ చర్చిలో ఆ పేరు గోడలకి తగిలి వెనక్కొచ్చింది.

పిల్ల కదలకుండా నిలబడిపోయింది. ఆమె కళ్ళు తెరుచుకునే నీళ్ళలోకి మునిగింది.

కింద మసకగా, పచ్చగా ఉంది. చెవుల్లో తన గుండె చప్పుడు తప్ప ఏమీ లేదు. చేతులు చాపి అడుగంతా వెతికింది. నటన కాదు, నిజంగానే వెతికింది. రామ్మా, తప్పు నాదే, రా అనుకుంది. అప్పుడు అరచేతిలో ఏదో తగిలింది. సన్నగా, చల్లగా, చిటికెన వేలు పట్టుకున్నట్టు. తన పనిబట్టల అంచు కావచ్చు. ఆమె చూడలేదు. గట్టిగా పట్టుకుని పైకి లేచింది.

మెట్లెక్కి వచ్చింది, చెయ్యి పక్కకి చాపి, తనకంటే పొట్టివాళ్ళెవరినో నడిపించుకొస్తున్నట్టు. పిల్ల ఆమెకేసి చూడలేదు, ఆమె చేతి పక్కన ఖాళీకేసి చూసింది. తువ్వాలు విప్పి రెండు చేతుల్తో చాపి పట్టుకుంది. అలా ఎంతసేపుందో. తర్వాత మెల్లిగా ఆ తువ్వాలు తన భుజాల చుట్టూ తనే కప్పుకుంది. ఒంటిమీద ఒక్క తడి చుక్క లేని పిల్ల గడగడ వణకడం మొదలుపెట్టింది. ఆమె పేరు పెట్టి పిలిచింది. పాత పేరుతో, ఈసారి తప్పు లేకుండా.

"ఆఁ" అంది పిల్ల.

తర్వాత పిల్ల మేస్త్రీ దగ్గరికి నడిచి, అరచేతికి చుట్టుకున్న గొలుసు విప్పి ఆయన చేతిలో పెట్టింది. ఇంక వదిలెయ్ డాడీ, లోపల ఎవరూ లేరు అంది. ఆయన బిరడా లాగలేకపోయాడు. ఇద్దరూ కలిసి లాగారు.

ఇప్పుడా ఇంట్లో కుళాయిలు కారడంలేదు. పిల్లకి రెండు పేర్లూ ఉన్నాయి, ఎవరికి ఏది నోరు తిరిగితే అది పిలుస్తారు. ఆడపడుచు మాత్రం ఒక మనిషికి రెండు పేర్లేమిటని మూతి విరుస్తుంది. మేస్త్రీ పనిముట్ల పెట్టె మీద కూర్చుని పిల్ల ఆయనకి స్పానర్లు అందిస్తుంది, తప్పుది అందించి నవ్వుతుంది.

నిద్ర కరువైంది ఆమెకే. ఆ పిల్లని పైకి తెచ్చింది తనే, ఆ పిల్లతో పాటు ఆ పిల్ల తల్లి కూడా వచ్చేసింది. ఎక్కడో సముద్రాలకవతల ఒక మనిషి తిరిగొస్తానని మాటిచ్చి ఉంది. కాగితాల్లో ఏం రాసి ఉన్నా ఆ మాట ఆ మాటే. తలుపు చప్పుడైతే చాలు, అందరికంటే ముందు లేచేది ఆమే. దర్జీ కొట్టుకెళ్ళి దుబాసి దగ్గర ఒక్క వాక్యం నేర్చుకుంది. మీ అమ్మాయి ఇక్కడే ఉంది, లోపలికి రండి. బట్టల గదిలో దుప్పట్లు మడతపెడుతూ పెదాలు కదుపుతూ అదే వల్లిస్తుంటుంది. దేవుడికి మొక్కుకుంటోందని పక్కవాళ్ళు అనుకుంటారు. ఆ తల్లి రావాలని ఆమె కోరుకుంటోందా, రాకూడదని కోరుకుంటోందా అంటే, రెండూ నిజమే.

నెలాఖరున వాన పడుతున్న ఒక పొద్దున తలుపు తట్టారు. ఆమె చేతిలో గిన్నె అలాగే వదిలి వెళ్ళి తలుపు తీసింది. వాన వెలుగులో, తల మీద గుడ్డ కప్పుకుని, ఎవరో ఆడమనిషి నిలబడి ఉంది. మొహం కనబడలేదు. ఆమె నోట్లో సిద్ధంగా ఉన్న వాక్యం దానంతటదే బయటికి వచ్చేసింది, ఆ పరాయి భాషలో, శబ్దం తప్పకుండా. మీ అమ్మాయి ఇక్కడే ఉంది, లోపలికి రండి.

దత్తత ఆఫీసు ఆవిడ తల మీద గుడ్డ తీసి, అర్థంకాక ఆమె మొహంలోకి చూసింది.

వెనక పరుగున అడుగులు వినిపించాయి. పిల్ల గుమ్మం దాకా వచ్చి, బయట నిలబడ్డదెవరో చూసి ఆగిపోయింది. ఆఫీసు ఆవిడకేసి చూసింది. ఇంకా తడారని ఆమె చేతికేసి చూసింది. వచ్చి ఆ చిటికెన వేలు పట్టుకుంది.

"ఇవాళ కాదులే మమ్మీ" అంది.